సూర్యాపేటలో తీసేస్తే కోదాడలో చేరుతుంది

ఆసుపత్రిలో పొరపాటు జరిగితే మా వైపు తీర్పు చాలా తొందరగా వస్తుంది. "ఆ సిస్టర్‌ను తీసేయండి." రోగి బంధువులు గేటు ముందు కూర్చుని అడిగేది అదే, పెద్దమనుషుల మధ్య రాజీ కుదిరేదీ అక్కడే. మరునాడు జిల్లా పేజీలో "నర్సుపై వేటు" అని వార్త వస్తుంది. డాక్టరుగారి బోర్డు మారదు, మంచాలు మారవు, మందుల అల్మారా మారదు. ఒక మనిషి మారుతుంది, అందరూ ఊపిరి పీల్చుకుంటారు. సర్కారు దవాఖానాల్లో హోదా పేరు నర్సింగ్ ఆఫీసర్ అయింది గానీ, గొడవ వచ్చిన రోజున ఆమె మళ్లీ "ఆ నర్సు"యే.

ఈ తీర్పు చెప్పేవాళ్లంతా చెడ్డవాళ్లని నేను అనను. మంచి డాక్టర్లు అంటారు, ఏళ్ల తరబడి వార్డులు నడిపిన హెడ్ నర్సులూ అంటారు: "పని రాని మనిషిని రోగి దగ్గర ఎట్లా ఉంచుతాం? ఇది ఆసుపత్రి, బడి కాదు." వినడానికి రోగి పక్షాన మాట్లాడినట్టే ఉంటుంది. అందుకే దీన్ని గట్టిగా కాదనాల్సి వస్తోంది. ఈ మాట వల్ల రోగికి ఒరిగేది ఏమీ లేదు. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల్లోనైతే నష్టం కూడా.

ఎందుకో ఈ మూడు పట్టణాల దారులు తెలిసినవాళ్లకు చెప్పక్కర్లేదు. సూర్యాపేట నుంచి కోదాడకు హైదరాబాద్–విజయవాడ హైవే మీద గంట ప్రయాణం. కోదాడ నుంచి హుజూర్‌నగర్, నేరేడుచర్ల మీదుగా మిర్యాలగూడ. మూడు చోట్లా నర్సింగ్ హోములు వరసగా ఉంటాయి, మూడు చోట్లా సిస్టర్లు దొరకడం కష్టం. ఒకచోట మానేసిన అమ్మాయి వారం తిరక్కుండా ఇంకోచోట నైట్ డ్యూటీలో కనిపిస్తుంది. కొత్త యజమాని అడిగేవి మూడే: సర్టిఫికెట్ ఉందా, జీతం ఎంత, నైట్లు చేస్తావా. పాత ఆసుపత్రికి ఫోన్ చేసి ఎందుకు మానేసిందని అడిగేవాళ్లు అరుదు. అడిగినా అవతలాయన చెప్పడు. చెబితే తన ఆసుపత్రిలో జరిగింది బయటపడుతుంది. పైగా 2016 అక్టోబరు 11న జిల్లాలు విడిపోయాక సూర్యాపేట, కోదాడ ఒక డీఎంహెచ్‌ఓ (జిల్లా వైద్య ఆరోగ్యాధికారి) కిందికి, మిర్యాలగూడ నల్గొండ డీఎంహెచ్‌ఓ కిందికి వచ్చాయి. ఒక ఆఫీసులోని కాగితం రెండో ఆఫీసుకు నడిచి వెళ్లదు.

కాబట్టి సూర్యాపేటలో తీసేస్తే ప్రమాదం పోలేదు, కోదాడలో చేరింది. ఇన్సులిన్ సిరంజిలో గీతలు సరిగ్గా చదవలేని మనిషి అక్కడా చదవలేదు. తేడా ఒక్కటే. సూర్యాపేటలో ఆమెకు ఏది రాదో కనీసం ఒకరికి తెలుసు, కోదాడలో ఎవరికీ తెలియదు. లోపం బయటపడ్డ ఆసుపత్రే ఆ లోపాన్ని సరిదిద్దగలిగిన ఆసుపత్రి. నా వాదనంతా ఈ ఒక్క మాట మీదే నిలబడుతుంది.

ప్రభుత్వంలో తీసేయడం అరుదు, మెమో ఉంటుంది, డిప్యుటేషన్ ఉంటుంది. వార్డులో పనికిరాదని తేల్చిన నర్సును మారుమూల ఆరోగ్య కేంద్రానికి పంపిస్తారు. అక్కడ రాత్రిపూట కాన్పు వస్తే పక్కన అడగడానికి ఇంకో నర్సు ఉండదు. నలుగురి మధ్య ఉన్నప్పుడు పని రాదన్న మనిషిని ఒంటరిగా ఉండే చోటికి పంపడం ఏ రకమైన రోగి రక్షణో ఎవరైనా చెప్పగలరా?

"పని రాదు" అనే మాటను కూడా విప్పి చూడాలి. ఇంత పెద్ద నిందను ఇంత చిన్న మాటలో చుట్టి చేతిలో పెడితే, ఆమె ఏం దిద్దుకోవాలి?

ఇన్సులిన్ సంగతే తీసుకుందాం. మన దేశంలో ఇన్సులిన్ సీసాలు ఎక్కువగా మిల్లీలీటరుకు 40 యూనిట్లవి. పెన్నుల్లో వేసే గొట్టాలు 100 యూనిట్లవి. ఎర్ర మూత సిరంజి 40కి, నారింజ మూతది 100కి. పెన్ను పనిచేయక, సూదులు అయిపోయి, నైట్ డ్యూటీ సిస్టర్ ఆ గొట్టంలోంచే ఎర్ర మూత సిరంజితో 20 గీత దాకా లాగిందనుకోండి. లోపలికి పోయేది 20 యూనిట్లు కాదు, 50. తెల్లవారేసరికి రోగికి చెమటలు, మగత, కొన్నిసార్లు కోమా. ఆమెకు ఇన్సులిన్ అంటే ఏమిటో తెలుసు, చక్కెర పడిపోతే కనపడే లక్షణాలు తెలుసు, చర్మం కింద ఎట్లా పొడవాలో తెలుసు. తెలియనిది ఒకటే. దాన్ని సిరంజిలూ సీసాలూ ఎదురుగా పెట్టి పదిహేను నిమిషాల్లో నేర్పవచ్చు. తీసేస్తే పదిహేను నిమిషాల పాఠం మిగిలింది, ఒక మూడేళ్ల జీఎన్ఎం చదువు పోయింది.

సెలైన్ చుక్కలు కూడా అంతే. 500 మిల్లీలీటర్లు నాలుగు గంటల్లో ఎక్కించమని కేస్ షీట్‌లో రాస్తారు. మిల్లీలీటరుకు 20 చుక్కల సెట్ అయితే నిమిషానికి దాదాపు 42 చుక్కలు పెట్టాలి. ఆ రోజు స్టోరులో చిన్నపిల్లల మైక్రో సెట్లే ఉంటే, వాటికి మిల్లీలీటరుకు 60 చుక్కలు, అంటే నిమిషానికి 125. సెట్ మారింది గమనించక 42 దగ్గరే ఆపితే నాలుగు గంటల సీసా పన్నెండు గంటలు నడుస్తుంది. ఇది తెలివి తక్కువతనమా, లెక్క రాకపోవడమా, స్టోరు తప్పా? ముందు తేల్చాలి గదా. పొటాషియం క్లోరైడ్ ఆంప్యూల్ మరీ ఘోరం. పది మిల్లీలీటర్ల ఆంప్యూల్‌లో 20 మిల్లీ ఈక్వివలెంట్ల పొటాషియం ఉంటుంది, సెలైన్‌లో కలపకుండా నేరుగా నరంలోకి ఎక్కిస్తే గుండె ఆగుతుంది. అటువంటిదాన్ని డిస్టిల్డ్ వాటర్ పక్కనే ఒకే ట్రేలో పెట్టే వార్డు ఉంటే, మొదటి మెమో ఆ ట్రే సర్దించినవాళ్లకు వెళ్లాలి.

మిర్యాలగూడలో రైస్ మిల్లు నడిపేవాళ్లను అడగండి. నూక ఎక్కువ పడుతుంటే మిల్లరు ముందు వడ్ల తేమ చూస్తాడు, రబ్బరు రోలర్ల మధ్య ఎడం చూస్తాడు. ఆపరేటర్ మీద అరవడం ఆ తర్వాత సంగతి. బియ్యం విషయంలో ఉన్న ఈపాటి ఇంగితం మనుషుల ప్రాణాల దగ్గరికి వచ్చేసరికి ఎక్కడికి పోతుంది?

వార్డు తేమ చూడాలంటే సిస్టర్‌కు ఎంతమంది రోగులో లెక్కపెట్టాలి. కేంద్ర ప్రభుత్వ స్టాఫ్ ఇన్‌స్పెక్షన్ యూనిట్ ప్రమాణం జనరల్ వార్డుల్లో ఆరుగురికి ఒక నర్సు, ఐసీయూలో ఒకరికి ఒకరు. మన ఊళ్లలో రాత్రి పదకొండుకు ఏ వార్డులోకైనా వెళ్లి మీరే లెక్కపెట్టుకోండి. నర్సింగ్ పరిశోధకురాలు లిండా ఐకెన్ బృందం తొమ్మిది యూరప్ దేశాల్లోని 300 ఆసుపత్రులను పరిశీలించి 2014లో వైద్య పత్రిక 'లాన్సెట్'లో ప్రచురించింది: నర్సు మీద ఒక్క రోగి అదనంగా పడితే, ఆపరేషన్ అయిన రోగులు నెల లోపల చనిపోయే అవకాశం 7 శాతం పెరిగింది. సిడ్నీలో 2010లో వచ్చిన ఇంకో పరిశోధన మందులు ఇచ్చేటప్పుడు నర్సును మధ్యలో పిలవడం మీద. ఒక్కో పిలుపుతో వైద్యపరమైన పొరపాట్లు 12 శాతానికి పైగా పెరిగాయి. మన వార్డుల్లో మందుల ట్రాలీ దగ్గర నిలబడ్డ సిస్టర్‌ను అటెండరు పిలుస్తాడు, ఫోన్ పిలుస్తుంది, రోగి బంధువు చెయ్యి పట్టుకుని లాగుతాడు, డాక్టరు రౌండ్స్‌కు రమ్మంటాడు. ఆ తర్వాత తప్పు ఆమె ఒక్కతిదే.

ఇంకో సంగతి. నర్సింగ్ ఆచార్యురాలు ప్యాట్రిషియా బెనర్ 1984లో రాసిన పుస్తకంలో, నర్సు కొత్తవాళ్ల దశ నుంచి నిపుణురాలయ్యేదాకా అయిదు మెట్లు చెప్పింది. కొత్త విభాగానికి వెళ్తే అనుభవం ఉన్న నర్సు కూడా మళ్లీ మొదటి మెట్టు మీద నిలబడుతుంది. సూర్యాపేటలో 2019లో మెడికల్ కాలేజీ వచ్చింది, ఏరియా ఆసుపత్రి జనరల్ ఆసుపత్రి అయింది. మంచిదే. కానీ కాన్పుల వార్డులో పదేళ్లు చేసి పేరు తెచ్చుకున్న సిస్టర్‌ను వెంటిలేటర్ పక్కన నిలబెట్టి, నెలలోపే "ఈమెకు ఏమీ రాదు" అనేస్తే అన్యాయం ఎవరిది? బోర్డు మార్చడానికి పట్టినంత టైమ్‌లో చేతులు మారవు.

వేటు వల్ల జరిగే అసలు నష్టం మిగిలిన సిస్టర్ల మీద. వేటు పడ్డ మరునాటి నుంచి ఎవరూ తప్పు చెప్పరు. కేస్ షీట్లు తెరిచి చూడండి. శ్వాస లెక్క రాయాల్సిన గడిలో మంచం మంచానికీ 20. చలిజ్వరం రోగికి 20, ఆపరేషన్ అయిన మనిషికి 20, గుండె జబ్బు ముసలాయనకు 20. ఎవరూ గడియారం చూసి లెక్కపెట్టలేదని రాసినవాళ్లకూ తెలుసు, సంతకం పెట్టినవాళ్లకూ తెలుసు. గుర్రపువాతం వచ్చిన బాలింతకు మెగ్నీషియం సల్ఫేట్ ప్రతి డోసుకు ముందు శ్వాస నిమిషానికి 16కు తగ్గలేదని, మోకాలి రిఫ్లెక్స్ ఉందని, గంటకు 30 మిల్లీలీటర్లన్నా మూత్రం వస్తోందని చూడాలి. అలవాటుగా 20 రాసే చేత్తో ఆ మందు ఇస్తే ఏమవుతుందో ఊహించుకోండి. భయపడ్డ నర్సు రోగిని చూడదు, కాగితం చూసుకుంటుంది.

అమెరికాలో ఈ సంగతి కోర్టు దాకా వెళ్లింది. 2017 డిసెంబరులో నాష్‌విల్‌లోని వాండర్‌బిల్ట్ ఆసుపత్రిలో రాడొండా వాట్ అనే నర్సు మగత మందుకు బదులు కండరాలను చచ్చుబడేసే వెక్యురోనియం ఇచ్చింది, 75 ఏళ్ల రోగి చనిపోయింది. నర్సు తన తప్పు తానే వెంటనే ఒప్పుకుంది. ఆసుపత్రి మాత్రం ఆ మరణాన్ని చట్టప్రకారం ప్రభుత్వానికి తెలియజేయలేదు. 2022 మార్చిలో జ్యూరీ ఆమెను దోషి అంది, మే నెలలో మూడేళ్ల ప్రొబేషన్ పడింది. ఇక తప్పు ఎవరు ఒప్పుకుంటారని అక్కడి నర్సులు వీధుల్లోకి వచ్చారు. ఆమె చేసింది చిన్న తప్పని నేననను. కానీ ఒప్పుకున్నవాళ్లకు శిక్ష, దాచినవాళ్లకు బోర్డు మిగిలితే ఇంకో వార్డులో ఇంకో రోగి బతుకుతాడా?

మన చట్టం ఇంకో మెట్టు పైకి పోయింది. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్ ప్రకారం నిర్లక్ష్యంతో మరణానికి కారణమైతే అయిదేళ్ల దాకా జైలు. చికిత్స చేస్తున్న రిజిస్టర్డ్ వైద్యుడికైతే రెండేళ్లు దాటదు. ఆ రాయితీ మెడికల్ రిజిస్టర్‌లో పేరున్నవాళ్లకే. నర్సు పేరు అందులో ఉండదు. ఒకే మంచం, ఒకే రోగి, డాక్టరుకు రెండేళ్లు, ఆయన చెప్పిన ఇంజెక్షన్ ఇచ్చిన సిస్టర్‌కు అయిదు.

"ఇవన్నీ సరే, నేర్పితే మాత్రం నేర్చుకుంటారా?" అనేవాళ్లకు సూర్యాపేటే జవాబు. 2020 ఏప్రిల్‌లో కూరగాయల మార్కెట్ చుట్టూ కరోనా కేసులు పెరిగి రాష్ట్రమంతా సూర్యాపేట వైపు చూసింది. అంతకు ముందు నెల దాకా పీపీఈ కిట్ తొడుక్కోవడం, విప్పడం ఇక్కడి నర్సుల్లో చాలామందికి తెలియదు. తప్పుగా విప్పితే తమకే అంటుకుంటుంది. రోజుల్లోనే నేర్చుకున్నారు. ఎట్లా? గోడ మీద బొమ్మలు అంటించారు, ఒకరు విప్పుతుంటే ఇంకొకరు ఎదురుగా నిలబడి "ముందు గ్లౌజులు, ఇప్పుడు చేతులు" అని చెప్పారు, రోజూ అదే పని చేశారు. ఎవరికీ మెమోలు ఇవ్వలేదు. అప్పుడు చప్పట్లు కొట్టిన చేతులే ఇప్పుడు వేటు ఉత్తర్వు రాస్తున్నాయి.

కరీంనగర్‌లో ఇంకా పెద్ద పనే జరిగింది. 2017లో రాష్ట్ర ప్రభుత్వం, యునిసెఫ్, హైదరాబాద్ ఫెర్నాండెజ్ ఆసుపత్రి కలిసి 30 మంది సర్కారు నర్సులను 18 నెలలు దగ్గరుండి మిడ్‌వైఫరీలో తీర్చిదిద్దాయి. వాళ్లేం ఆకాశం నుంచి దిగిరాలేదు, మన కాలేజీల్లో జీఎన్ఎం, బీఎస్సీ చదివినవాళ్లే. మారింది వాళ్ల పక్కన నిలబడి నేర్పిన మనిషి.

నా వాదనకు ఎదురు తిరిగే సాక్ష్యం కూడా ఉంది, దాచను. ఉత్తరప్రదేశ్‌లో 24 జిల్లాల్లోని 120 ఆరోగ్య కేంద్రాలు తీసుకుని, వాటిలో సగం చోట్ల కాన్పు చేసే సిబ్బందికి ఎనిమిది నెలలు కోచ్‌లను పెట్టి, ఒక చెక్‌లిస్టు చేతికిచ్చి చూశారు. ఫలితాలు 2017లో వచ్చాయి. రెండు నెలలకు కోచ్ ఉన్నచోట అవసరమైన పనుల్లో 72.8 శాతం సరిగ్గా జరిగాయి, లేనిచోట 41.7 శాతమే. కోచ్‌లు వెళ్లిపోయిన నాలుగు నెలలకు 72.8 కాస్తా 61.7కు దిగింది. తల్లీబిడ్డల మరణాలు మాత్రం చెప్పుకోదగ్గంత తగ్గలేదు. "చూశారా, నేర్పినా లాభం లేదు" అనొచ్చు. నాకు కనపడేది వేరు. పక్కన మనిషి ఉంటే చేతులు మారతాయి, మనిషి పోతే జారతాయి. రక్తం, మందులు, రిఫరల్, డాక్టరు లేకుండా నర్సు చేతులు మాత్రమే మారితే ప్రాణాలు నిలబడవు. అంటే ఒక్క రోజు హోటల్లో ట్రైనింగ్ పెట్టి, ఫొటో దిగి, సర్టిఫికెట్ ఇస్తే చాలదు. నర్సు ఒక్కదాన్నే బాధ్యురాలిని చేయడానికీ కుదరదు.

మరి ఏం చేయాలి? ఆమె డ్యూటీలో ఒక వారం ఇంకో సిస్టర్ పక్కన ఉండి చూడాలి, కాగితం మీద మార్కులు వేయడానికి కాదు, ఎక్కడ చెయ్యి ఆగుతోందో పట్టుకోవడానికి. ఆ వారం పొటాషియం, ఇన్సులిన్, రక్తం ఎక్కించడం, ప్రసూతి మందులు ఆమె ఒంటరిగా ముట్టకూడదు. ఇంకొకరు చూసి సంతకం పెట్టాకే. తర్వాత కూర్చోబెట్టి "నీకు ఏమీ రాదు" అనకుండా, "సిరంజి లెక్క, డ్రిప్ లెక్క, డ్యూటీ అప్పగించేటప్పుడు చెప్పాల్సినవి, ఈ మూడూ నెలరోజుల్లో సరిచేద్దాం" అని చెప్పాలి. మూడే. పదిహేను లోపాల పట్టిక చేతికిస్తే మనిషి కుంగిపోతుంది, ఒక్కటీ దిద్దుకోదు. డ్రిప్ లెక్క నోటితో చెప్పించుకోకూడదు, సీసా వేలాడదీసి చుక్కలు పెట్టించాలి. డ్యూటీ అప్పగింత మంచం దగ్గరే జరగాలి, డెస్క్ దగ్గర కాదు. తిట్టాల్సి వస్తే గదిలో తిట్టండి. రోగుల ముందు "నీకెవరిచ్చిండ్రు సర్టిఫికెట్" అన్న సిస్టర్‌ను ఆ తర్వాత ఏ రోగి నమ్ముతాడు? నమ్మని రోగి తన నొప్పి ఆమెకు చెప్పడు. ఆరు, ఎనిమిది వారాలకు మళ్లీ అవే మూడు పనులు చేయించి చూడాలి. ఇదంతా ఒక పుస్తకంలో రాయాలి. ఆ పుస్తకం ఆమె దగ్గరే ఉండాలి, ఉద్యోగం మారినా వెంట వెళ్లాలి. కోదాడ వాళ్లు చూడాల్సింది సర్టిఫికెట్ ఒక్కటే కాదు, ఆ పుస్తకం.

కొందరు నిజంగా నేర్చుకోరు. కొలవకుండా బీపీ రాసి, పట్టుబడ్డాక కూడా మళ్లీ రాసేవాళ్లు, మత్తు ఇంజెక్షన్లు జేబులో వేసుకునేవాళ్లు, రోగిని కొట్టేవాళ్లు ఉంటారు. వాళ్ల మీద రాతపూర్వకంగా రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేయండి, చడీచప్పుడు లేకుండా పక్క ఊరికి పంపకండి. ఇక ఏ నర్సింగ్ చదువూ లేకుండా తెల్లకోటు తొడిగి ఇంజెక్షన్లు ఇప్పించేవాళ్ల గురించి ఇక్కడ మాట్లాడను. అక్కడ సరిదిద్దాల్సింది నర్సును కాదు, ఆ కోటు తొడిగించినవాళ్లను, ఆ పని పోలీసులది.

చిన్న ఆసుపత్రికి ఇంత ఖర్చు ఎక్కడిదనే మాట నాకు నమ్మబుద్ధి కాదు. 2016లో సుప్రీంకోర్టు చెప్పాక వేసిన కమిటీ యాభై మంచాల లోపు ప్రైవేటు ఆసుపత్రుల్లో కూడా నర్సు జీతం నెలకు ₹20,000కు తగ్గకూడదంది. మీ ఆసుపత్రిలో ఎంతమందికి అందుతోందో మీకు తెలుసు. ఆ తేడాలోనే ఒక సీనియర్ సిస్టర్‌కు నేర్పినందుకు అదనంగా ఇవ్వవచ్చు. లేకపోతే నాలుగేళ్లు నిలబడ్డ సిస్టర్ ఎటూ హైదరాబాద్ వెళ్తుంది, లేదా విదేశీ ఉద్యోగాలకు పంపే సర్కారు సంస్థ టామ్‌కామ్ నేర్పే జర్మన్ నేర్చుకుని విమానం ఎక్కుతుంది. తీసేసినామె స్థానంలో మీకు దొరికేది నిన్ననే కాలేజీ దాటిన ఇంకో అమ్మాయి, అదే సిరంజి లెక్క రాని అమ్మాయి.

మూడు పట్టణాల డాక్టర్లకు, నర్సింగ్ హోముల యజమానులకు, సూపరింటెండెంట్లకు ఒక విన్నపం. సూర్యాపేట మెడికల్ కాలేజీలో నెలకు ఒక రోజు ఈ మూడు ఊళ్ల సిస్టర్లకు చేతిపనులు చూపించే ఏర్పాటు అడగండి, రెండు జిల్లాల డీఎంహెచ్‌ఓలు కలిసి అడిగితే కాదనేవాళ్లు లేరు. శిక్షణ అనగానే వార్డుకు లోటు రాని మనిషినో, మాట బాగా చెప్పే సిస్టర్‌నో పంపడం మనకు అలవాటు. ఈసారి ఎవరి మీద వేటు వేద్దామని మీరు ఉత్తర్వు రాసి పెట్టుకున్నారో, మొదటి బస్సులో ఆమెను పంపండి.